నిజాయతీ గల అభ్యర్థి బ్యాలెట్ దాకా ఎందుకు రాడు? ఓటరు చేతిలో ఏముంది?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతున్నాను. మీ అసెంబ్లీ నియోజకవర్గంలో గట్టి పోటీదారులు ముగ్గురు. ఒకరి మీద క్రిమినల్ కేసులున్నాయి. ఇంకొకరు ఒక్క పదవీకాలంలోనే రెండు సార్లు కండువా మార్చారు. మూడో వ్యక్తి ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్. నిజాయతీగా ఉండి, అడిగితే జవాబు చెప్పే మనిషి ఒక్కరూ బరిలో లేరు. ఎందుకిలా అవుతోంది, ఎవరికి వేయాలి, అసలు వేయాలా అని అడిగారు.

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నామినేషన్ల స్వీకరణ నుంచి లెక్కింపు దాకా ఎన్నికల పని అన్ని దశల్లోనూ చేశాను. చివరి ఏళ్లలో అభ్యర్థుల ఖర్చు లెక్కలు చూసే బృందంలో ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

నిజాయతీపరులు మన ఊళ్లలో లేరన్న మాట నేను ఒప్పుకోను. ప్రతి మండలంలోనూ ఉన్నారు. సర్పంచిగా చేసి పైసా మిగుల్చుకోనివారు, సహకార సంఘాన్ని అప్పుల్లోంచి గట్టెక్కించినవారు, పింఛను రాని ముసలివాళ్ల తరఫున ఎంపీడీవో కార్యాలయం చుట్టూ తిరిగేవారు మీకూ నాకూ తెలుసు. వాళ్లను బ్యాలెట్ దాకా రానివ్వరు. పోలింగ్ రోజున మీరు ఎంచుకునేది, అంతకుముందే వేరెవరో ఏరి మీ ముందు పెట్టిన పేర్లలోంచి. ఆ మొదటి ఎంపికలో మీకు ఓటు లేదు. మీ ఎమ్మెల్యే అయిదేళ్లపాటు ఎవరికి జవాబు చెబుతాడన్నది అక్కడే తేలిపోతుంది. ముందు బి-ఫారం (ఫలానావారే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం) ఇచ్చినవారికి, తరవాత డబ్బు పెట్టినవారికి. మీ వంతు ఆ తరవాతే.

పార్టీ గుర్తు మీద పోటీ చేయాలంటే ఎ-ఫారం, బి-ఫారం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి అందాలి. ఆ చివరి గంటలో ఆర్వో కార్యాలయం ఎలా ఉంటుందో చెబుతాను. ఒక ఎన్నికలో, ఏళ్ల తరబడి ఒక పార్టీ జెండా మోసిన స్థానిక నాయకుడు ముందే రెండు సెట్ల నామినేషన్ వేసి, ఫైలు ఒళ్లో పెట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. చుట్టూ అనుచరులు. నిమిషానికోసారి ఫోను చూసుకుంటున్నాడు. రెండున్నర దాటాక హైదరాబాదు నుంచి కారు వచ్చింది. కవరు తెరిస్తే బి-ఫారం మీద వేరే పేరు ఉంది. ఆ పేరు గల వ్యక్తికి ఆ నియోజకవర్గంలో ఓటు కూడా లేదు. మరో నియోజకవర్గపు ఓటరు జాబితా నకలు జతచేసి నామినేషన్ వేశారు. రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా సరిపోతుంది కాబట్టి చట్ట ప్రకారం అందులో తప్పు లేదు. బెంచీ మీద కూర్చున్నాయన లేచి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. వచ్చినాయన గెలిచాడు. ఆ గెలిచిన మనిషికి నియోజకవర్గంలో ఎవరి రుణమూ లేదు, ఆ కవరు పంపినవారిది తప్ప.

ఈ ఎంపిక ఎలా జరగాలన్నదానిపై మన దేశంలో చట్టమే లేదు. పార్టీలను నమోదు చేసుకోవడానికి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఎ సెక్షన్ ఉంది గానీ, అభ్యర్థిని సభ్యులు ఓటేసి ఎన్నుకోవాలనో, కారణాలు చూపాలనో అందులో ఎక్కడా లేదు. పార్టీల్లో అంతర్గత ప్రజాస్వామ్యం తప్పనిసరి చేయాలని 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో చెప్పింది. అది కాగితం మీదే ఉండిపోయింది. అందుకే ఇక్కడ టికెట్ అంటే అధినేత అనుగ్రహం.

ఆ అనుగ్రహం దేన్ని బట్టి? ఆశావహుల జాబితా మీద మూడు విషయాలు చూస్తారు: నియోజకవర్గంలో ఆయన కులం ఓట్లెన్ని, సర్వేలో పేరు ఎంత వచ్చింది, ఎంత పెట్టగలడు. వీటికి కలిపి పెట్టిన పేరు 'గెలుపు గుర్రం'. దీని మీద సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 13న స్పష్టంగా మాట్లాడింది. క్రిమినల్ కేసులున్న వ్యక్తికి టికెట్ ఇస్తే, ఆ కేసుల వివరాలతో పాటు ఎందుకు ఇచ్చారో, కేసులు లేని మరొకరిని ఎందుకు ఎంచలేదో పార్టీ ప్రజలకు చెప్పాలి. గెలిచే అవకాశం ఉందన్న ఒక్క కారణం చాలదు అంది. దాని ప్రకారం సి-7 ఫారంలో పార్టీలు పత్రికల్లో, తమ వెబ్‌సైట్‌లో ప్రకటన ఇస్తున్నాయి. నేను చూసినవాటిలో చాలావరకు ఒకే వాక్యం: 'ప్రజాసేవలో చురుకుగా ఉన్నారు, కేసులు రాజకీయ కక్షతో పెట్టినవి.' పార్టీ మారినా వాక్యం మారదు. అయినా ఆ ప్రకటన ఓటరుకు పనికివస్తుంది. ఎలాగో కింద చెబుతాను.

ఇక డబ్బు. 2022 నుంచి మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. పార్టీ తన సాధారణ ప్రచారానికి పెట్టేదానికి పరిమితి లేదు. మేం ఒక్కో అభ్యర్థికి ఒక్కో షాడో రిజిస్టర్, అంటే ఆయన ఖర్చుపై మా సొంత లెక్క, రాసేవాళ్లం. సభ జరిగితే వీడియో బృందం వెళుతుంది. మేం వీడియో ఆపి ఆపి కుర్చీలు లెక్కపెట్టేవాళ్లం, టెంట్లు, వాహనాల నంబర్లు రాసుకునేవాళ్లం. టీకి ఎంత, బిర్యానీకి ఎంత, కుర్చీ అద్దె ఎంత అన్న రేట్ల పట్టిక జిల్లా ఎన్నికల అధికారి ముందే ఖరారు చేస్తారు. ఆ పట్టిక ఖరారయ్యే సమావేశంలో అన్ని పార్టీల ప్రతినిధులూ ఏకమై రేట్లు తగ్గించమని పట్టుబడతారు. అభ్యర్థి లెక్కలో 300 కుర్చీలు ఉంటే మా రిజిస్టర్‌లో 3 వేలు కనిపించేవి. నోటీసు ఇస్తాం, సంజాయిషీ వస్తుంది, తేడా కలుపుతాం. ఇంత చేసినా మేం పట్టుకునేది బయట కనిపించే ఖర్చునే. పోలింగ్‌కు ముందు రెండు రాత్రుల్లో ఇంటింటికీ వెళ్లేది మా రిజిస్టర్‌లోకి దాదాపు రాదు. 50 వేలకు మించి పత్రాలు లేని నగదు దొరికితే ఫ్లయింగ్ స్క్వాడ్ స్వాధీనం చేసుకుంటుంది. ఆ సంగతి పంచేవాళ్లకూ తెలుసు కాబట్టి డబ్బు చాలా ముందే ఊరు చేరిపోతుంది, చిన్న చిన్న మొత్తాలుగా, ఎవరూ అనుమానించని ఇళ్లకు.

అంత డబ్బు జేబులోంచి పెట్టగల నిజాయతీపరుడు ఎక్కడ దొరుకుతాడు? పెట్టినవాడు తిరిగి రాబట్టుకోక మానడు. తనది కాకపోతే, పెట్టినవారికి పనుల రూపంలో తీర్చక తప్పదు. పార్టీలకు విరాళాలిచ్చేందుకు తెచ్చిన ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేశాక బయటికొచ్చిన జాబితాలో, దేశం మొత్తం మీద రెండో అతిపెద్ద కొనుగోలుదారు హైదరాబాదు కేంద్రంగా ఉన్న నిర్మాణ సంస్థ. మన ప్రాజెక్టులు, మన రోడ్లు, మన రాజకీయ ఖర్చు ఒకే చోట కలుస్తున్నాయని ఆ జాబితా చూశాకైనా మనం గట్టిగా మాట్లాడుకోవాలి.

గెలిచాక జవాబుదారీ సంగతి ఇంకా బాధాకరం. ఫిరాయింపుల నిరోధానికి 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేర్చారు. దాని వల్ల జరిగిందేమిటంటే, ఎమ్మెల్యే తన నియోజకవర్గ ప్రజల మాట విని విప్‌కు, అంటే సభలో ఎలా ఓటేయాలన్న పార్టీ ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటేస్తే పదవి పోతుంది. కానీ ప్రజలు ఓటేసిన పార్టీని వదిలి అధికార పక్షం కండువా కప్పుకుంటే, స్పీకర్ తేల్చేదాకా ఏమీ కాదు. 2014 తరవాత ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు. వాళ్లలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. తెలంగాణలో 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు విలీనం పేరుతో తెరాసలో చేరారు. 2023 ఎన్నికల తరవాత భారాస నుంచి కాంగ్రెస్ వైపు వెళ్లారన్న పది మందిపై పిటిషన్లు నెలల తరబడి నానితే, మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. అధికారంలో ఉన్న ప్రతి పార్టీ ఈ పని చేసింది, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రతి పార్టీ గగ్గోలు పెట్టింది. మీ ఓటు అమానతుగా పెట్టింది ఒకరి దగ్గర, అది వాడుకున్నది ఇంకొకరు. దీనికి సంజాయిషీ చెప్పిన ఎమ్మెల్యేను నేను చూడలేదు.

కోర్టుకు వెళ్తే? కొత్తగూడెం, గద్వాల ఉదాహరణలు చూడండి. 2018 డిసెంబరులో జరిగిన ఎన్నికల్లో అఫిడవిట్‌లో (ఆస్తులు, అప్పులు, కేసులపై అభ్యర్థి ఇచ్చే ప్రమాణపత్రం) వివరాలు సరిగా ఇవ్వలేదన్న పిటిషన్ల మీద తెలంగాణ హైకోర్టు ఆ రెండు ఎన్నికలనూ రద్దు చేసింది. తీర్పులు వచ్చింది 2023 జూలై, ఆగస్టు నెలల్లో. అప్పటికి అసెంబ్లీ గడువు మరికొన్ని నెలలే ఉంది. వాటి మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతోంది.

ఇదంతా చదివి నిరాశ పడతారేమో. అందుకే మన దగ్గరే మరోలా జరిగిన సంగతులు గుర్తు చేస్తాను. వావిలాల గోపాలకృష్ణయ్య సత్తెనపల్లి నుంచి నాలుగు సార్లు గెలిచారు. గ్రంథాలయోద్యమంలో, ఖాదీలో ఆయన చేసిన పని జనం కళ్లారా చూశాకే ఓట్లు పడ్డాయి. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన వాటా ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు, సైకిల్ మీద చట్టసభకు వెళ్లారు. మరీ పాత కాలం అంటారా? గుమ్మడి నర్సయ్య ఇల్లెందు నుంచి అయిదు సార్లు ఎమ్మెల్యే అయ్యారు, చివరిసారి 2004లో. ఆయన బస్సులోనే తిరిగేవారని ఆ ప్రాంతంలో ఎవరిని అడిగినా చెబుతారు. వీళ్ల సిద్ధాంతాలతో మీకు పేచీ ఉండవచ్చు, అది వేరే సంగతి. ఈ ముగ్గురిలో ఎవరూ ఎన్నికల నెలలో ఊడిపడలేదు. ఏళ్ల తరబడి జనం మధ్య ఉన్నారు, జనమే చందాలు వేసుకుని గెలిపించారు, అందుకే జనానికే జవాబు చెప్పారు. ఎవరి డబ్బుతో గెలిస్తే వారి మనిషి అవుతాడన్నది వాళ్ల విషయంలోనూ నిజమే.

ఇక మీ ముగ్గురు అభ్యర్థుల సంగతి. ముగ్గురూ ఒకటే అనుకోవద్దు. తేడా చూడటానికి మీ దగ్గర ఒక పత్రం ఉంది, ఫారం 26 అఫిడవిట్. 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల వల్ల అది మనకు దక్కింది. నామినేషన్ వేసిన వెంటనే దాన్ని ఆర్వో కార్యాలయంలో అంటిస్తారు, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనూ పెడతారు. జనం ఆస్తుల మొత్తం చూసి, నాలుగు మాటలు అనుకుని వదిలేస్తారు. మీరు ఇలా చదవండి.

అయిదేళ్ల కిందటి అఫిడవిట్, ఇప్పటిది పక్కపక్కన పెట్టుకోండి. భూములు, ఇళ్ల వరసలో కొన్న తేదీ, కొన్న ధర, ఇప్పటి విలువ విడివిడిగా ఉంటాయి. విలువ పెరగడం సహజం, మీరు వెతకాల్సింది కొత్త సర్వే నంబర్లు. పదవిలో ఉన్న కాలంలో కొన్నవి ఎన్ని, ఎవరి పేరిట, ఏ గ్రామంలో? ఆ గ్రామం గుండా కొత్త రోడ్డో లేఅవుటో వచ్చిందా? తరవాత అయిదేళ్ల ఆదాయపు పన్ను లెక్కలు చూడండి. ఏడాదికి చూపిన ఆదాయంతో ఆ కొనుగోళ్లు సాధ్యమేనా అని కాగితం మీద కూడి చూడండి, మీ ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు చాలు. అప్పుల వరసలో వ్యక్తుల పేర్లు ఉంటే వాళ్లెవరో కనుక్కోండి. పెద్ద అప్పిచ్చినవారు చాలాసార్లు పెద్ద పనులు చేసేవారే. ప్రభుత్వ కాంట్రాక్టుల వివరాలకూ ఒక వరస ఉంది: అభ్యర్థివి, భార్యవి లేదా భర్తవి, వాళ్లకు వాటా ఉన్న సంస్థలవి. మీ మూడో అభ్యర్థి విషయంలో మొదట తెరవాల్సింది అదే. ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఎ సెక్షన్ ప్రకారం ఆ ప్రభుత్వంతో తన పేరిట కాంట్రాక్టు నడుస్తుంటే పోటీకి అనర్హుడు కాబట్టి, నామినేషన్‌కు ముందు పేర్లు మారిపోవడం నేను చూశాను.

కేసుల విషయంలో సంఖ్య చూడకండి, సెక్షన్లు చూడండి. ధర్నా చేశారని, నిషేధాజ్ఞలు ఉల్లంఘించారని పెట్టిన కేసులు పది ఉన్నా నేను పట్టించుకోను. మోసం, భూకబ్జా, బెదిరింపు, మహిళలపై నేరం ఒక్కటున్నా ఆగి చదువుతాను. కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అన్నది పక్కనే రాసి ఉంటుంది. అప్పుడు ఆ పార్టీ సి-7 ప్రకటన తెచ్చుకుని, ప్రచారానికి వచ్చిన నాయకుడి ముందు చదివి, 'ఈయన కన్నా మెరుగైన మనిషి మీ పార్టీలో ఒక్కరూ లేరా?' అని అడగండి. నలుగురు ఒకేసారి అడిగితే జవాబు రాకపోయినా ఆ మాట పైకి వెళుతుంది. వచ్చే ఎన్నికకు సర్వే చేసేవాళ్లు దాన్ని నమోదు చేస్తారు.

పార్టీ మారినాయన్ని ఒకే ప్రశ్న వేస్తాను: రాజీనామా చేసి మళ్లీ జనం దగ్గరకు వెళ్లారా, లేక పదవి ఉంచుకుని వెళ్లారా? మొదటిది చేసినవారిని నేను గౌరవిస్తాను. రెండోది చేసినవారికి నా ఓటు వేయను, ఎంత పని చేశారని చెప్పినా సరే.

బ్యాలెట్‌లో మిగతా పేర్లు కూడా చదవండి. పది వేల డిపాజిట్ కట్టి నిలబడిన స్వతంత్రుల్లో ఓట్లు చీల్చడానికి ఎవరో నిలబెట్టినవారూ ఉంటారు, నిజంగా మంచివారూ ఉంటారు. అఫిడవిట్ చూస్తే అర్థమవుతుంది. గెలవనివాడికి వేస్తే ఓటు వృథా అన్నది గెలుపు గుర్రం లెక్కను ఓటరు తలకెత్తుకోవడమే. 2009లో కూకట్‌పల్లి ఓటర్లు ఆ లెక్క పక్కన పెట్టి లోక్‌సత్తా నుంచి జయప్రకాశ్ నారాయణ్‌ను అసెంబ్లీకి పంపారు. నోటా మీ హక్కే. అయితే దానికి అన్నిటికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినా తరవాతి అభ్యర్థి గెలిచినట్టే ప్రకటిస్తారు. నిరసన నమోదవుతుంది గానీ ఫలితం మారదు. ముగ్గురిలో ఒకరు స్పష్టంగా ప్రమాదకరమైనప్పుడు, ఆయన్ని ఆపగలిగే తక్కువ చెడ్డ అభ్యర్థికి వేయడమే మేలని నా అభిప్రాయం. ఇంట్లో కూర్చోవడం మాత్రం వద్దు. మీరు రాకపోతే డబ్బు తీసుకుని వచ్చే ఓటుకు బలం పెరుగుతుంది.

'డబ్బు తీసుకో, నచ్చినవాడికి వెయ్యి' అన్న సలహా ఈ మధ్య పెద్దవాళ్లూ ఇస్తున్నారు. నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. మీ ఒక్కరి ఓటు రహస్యమే, కానీ ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని వచ్చాయో ఫారం 20లో అచ్చవుతుంది. పంచిన మధ్యవర్తి దగ్గర ఆ బూత్ జాబితా ఉంటుంది. ఓట్లు రాని ఊరిపై కక్ష, వచ్చిన ఊరికి తరవాతిసారి పెంచిన రేటు, రెండూ చూశాను. పైగా తీసుకున్నవాడు అయిదేళ్లపాటు ప్రశ్నించలేడు. మురుగు కాలువ గురించి అడగడానికి వెళ్లిన మహిళలతో ఒక నాయకుడు, 'మీ ఓటుకు ఇచ్చేశాం కదమ్మా' అనడం నా చెవులతో విన్నాను. వాళ్లు మారు మాట్లాడకుండా తిరిగి వెళ్లిపోయారు. ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే. పంపకం కనిపిస్తే ఫిర్యాదుల కోసం ఎన్నికల సంఘం పెట్టిన సీ-విజిల్‌లో ఫొటో పెట్టండి. పేరు చెప్పకుండానూ పంపవచ్చు, వంద నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది నిబంధన.

అసలు పని మాత్రం ఎన్నికలకు ఏడాది ముందు మొదలవ్వాలి, టికెట్లు ఖరారు కాకముందే. మీలాంటివాళ్లు పాతిక మంది కలిసి, మీ నియోజకవర్గంలో ఏ పార్టీలోనైనా సరే మంచివారని మీరు నమ్మే రెండు మూడు పేర్లు బహిరంగంగా చెప్పండి, పత్రికలకు ఇవ్వండి, ఆ పార్టీలకు రాయండి. ఖర్చుకు చందాలు మేమే వేస్తామని కూడా రాయండి. సర్వేలో పేరు రావడమే టికెట్‌కు కొలత అయినప్పుడు, ఆ పేరు జనం నోట వినిపించేలా చేయడం మన చేతుల్లోనే ఉంది. పార్టీలు వినవని అంటారు. ఓట్ల లెక్కలో తేడా వస్తుందనిపిస్తే వింటాయి.

ఈసారికి ఇంకొక పని కూడా చేయండి. ఫలితాలు వచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత పడవచ్చు. ఆ లెక్కలు కార్యాలయంలో ఉంటాయి, ఒక్క రూపాయి రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. నేను పనిచేసినన్నాళ్లూ వాటిని అడిగి చూసిన ఓటరు ఒక్కరూ రాలేదు. మీరు ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకుని వెళ్లండి. మీ ఊళ్లో జరిగిన సభలకు ఎంత రాశారో మీ కళ్లతో చూసినదానితో సరిపోల్చండి. తేడా ఉంటే తేదీ, స్థలం, ఫొటోతో జిల్లా ఎన్నికల అధికారికి రాసి, నకలు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి పంపి, రసీదు తీసుకోండి. ఫిర్యాదు ఎలా రాయాలో తెలియకపోతే అడగండి, నమూనా రాసి పెడతాను.